యుద్ధభూమియు శాంతినగరమును: హింసామరణముల లెక్క

భారతయుద్ధము ముగిసినపిదప ధృతరాష్ట్రుడు ధర్మరాజును సంఖ్య అడిగెను. ఈ రణమున ఎందరు మడిసిరో, ఎందరి జాడ తెలియకున్నదో చెప్పుమని ఆ వృద్ధరాజు కోరినట్లు వ్యాసభారతము స్త్రీపర్వమున నున్నది. యుధిష్ఠిరుని సమాధానము నిశ్చితమైన అంకెలతో వచ్చినది. మడిసినవారు 166 కోట్ల 20 వేలు. జాడ తెలియనివారు 24,165. చరిత్రదృష్టితో ఈ మొదటి సంఖ్యను ఎవరును స్వీకరింపరు. కాని ఆ సంభాషణక్రమము విచారింపదగినది. సంఖ్య తెలిసినపిమ్మట రాజు మృతుల గతినిగూర్చి అడిగెను. అటుపిమ్మట నాథులున్నవారికిని లేనివారికిని విధ్యుక్తముగా దహనసంస్కారము జరుగునా అని అడిగెను. ధర్మరాజు విదురుని, సంజయుని, ధౌమ్యుని మొదలగువారిని ఆ పనికి నియోగించెను. చనిపోయినవారిని లెక్కించుట, ఆ చావునకు అర్థము వెదకుట, దిక్కులేని మృతునికి దిక్కగుట అను మూడు పనులును అక్కడ వరుసగా వచ్చినవి. ఆధునిక కాలమున మొదటి పని గణాంకశాస్త్రమునకును, రెండవది చరిత్రకును సంక్రమించినవి. మూడవది ఎవరి వంతో ఇంకను తేలలేదు.

భారతదేశమున లభించిన శాసనములలో యుద్ధమృతులకు సంఖ్య చెప్పిన ప్రాచీనలేఖనము అశోకుని 13వ శిలాశాసనము. కళింగమున లక్షన్నర మంది చెరపట్టబడి తరలింపబడిరనియు, లక్షమంది హతులైరనియు, అంతకు పెక్కురెట్లు మంది మృతిచెందిరనియు అందు గలదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి గుట్టలపై ఆ శాసనపరంపర ప్రతి యొకటి నిలిచియున్నది. కళింగమునందలి ధౌళి, జౌగడ శిలలపై మాత్రము ఈ 13వ శాసనము లేదు. గాయపడినవారికి వారి గాయపు కొలతను చదివి వినిపించుట చక్రవర్తికి ఉచితముగా తోచలేదు కాబోలు. రణమున హతులైనవారిని, తక్కిన మృతులను వేరువేరుగా చెప్పుట గమనింపదగిన విశేషము. నేటి గణాంకవేత్తలు చేయు ప్రత్యక్షమృతి, పరోక్షమృతి అను విభాగమునకు ఇది పూర్వరూపము. ఐనను ఇందొక సంఖ్య కొరవడినది. కళింగమున నాడు ఎందరు జీవించుచుండిరో శాసనము చెప్పదు. భిన్నమునకు లవమెంత ముఖ్యమో హారమును అంత ముఖ్యము. హారము తెలియని మరణసంఖ్య శోకమునకు చాలును, పోలికకు చాలదు.

ఈ హారమును పట్టుదలతో వెదకిన తొలివారిలో లండను నగరపు చిల్లరసరకుల వర్తకుడు జాన్ గ్రాంట్ ఒకడు. ఆ నగరమున ప్రతి వారము మరణపట్టికలు అచ్చుపడుచుండెను. శవములను చూచి మరణకారణమును చెప్పుటకు వృద్ధస్త్రీలు నియమింపబడియుండిరి. గ్రాంట్ ఈ పట్టికలను ప్రోగుచేసి 1662లో ఒక గ్రంథము ప్రకటించెను. 20 సంవత్సరముల పట్టికలలోని 2,29,250 మరణములలో హత్యలు 86 మాత్రమే యని అందు తేల్చెను. పారిస్ నగరమున హత్య లేని రాత్రి అరుదనియు, లండను ప్రజలు వంతులవారీగా తమ నగరమును తామే కాచుకొనుట ఈ భేదమునకు ఒక కారణమనియు వ్రాసెను. రెండు నగరముల హింసను ప్రక్కప్రక్కన నుంచి కారణము వెదకిన తొలి ప్రయత్నములలో ఇది యొకటి. లండను జనాభాను ఆయన 3,84,000గా అంచనా వేసెను. దానినే హారముగా గొన్నచో ఏటికి లక్షమందిలో హత్యకు గురియైనవారు రమారమి ఒక్కరు.

ఆ గ్రంథముననే ఆయన మరొక సత్యమును దాచక చెప్పెను. శవములను చూచు వృద్ధస్త్రీలు కొంత మద్యమునకు, అదనపు రుసుమునకు లొంగి, అపకీర్తి తెచ్చు రోగముల పేళ్ళను మార్చి చెప్పుచుండిరట. ఇక పట్టికలో 1637 మొదలు 1646 వరకు గల పదియేండ్లు లేనేలేవు. ఆ కాలమున విశేషమేమియు లేదనియు, కాగితమున చోటు చాలలేదనియు గ్రాంట్ సమాధానము. ఇంగ్లండున రాజునకును పార్లమెంటునకును మధ్య అంతర్యుద్ధము మొదలైనది 1642లో. హింసామరణముల గణనచరిత్రయందలి తొలి పట్టికలోనే యుద్ధకాలము జారిపోయి, శాంతికాలము మిగిలినది. ఈ లోపము తరువాతి మూడువందల యేండ్లును కొనసాగెనని చెప్పవచ్చును. హత్యల లెక్క న్యాయస్థానములవారు వ్రాసికొనిరి. యుద్ధమృతుల లెక్క సైనికకార్యాలయములవారు వ్రాసికొనిరి. ఆ రెండు పుస్తకములను ఒకేచోట విప్పి చూచినవారు అరుదు.

అట్లు విప్పి చూచినవాడు లూయీ ఫ్రై రిచర్డ్‌సన్. ఆయన 1881లో జన్మించి 1953లో మరణించిన ఆంగ్ల శాస్త్రవేత్త. వాతావరణమును గణితముతో ముందుగా చెప్పవచ్చునని చూపి కీర్తిగాంచెను. క్వేకరు మతస్థుడగుటచే ఆయుధము పట్టనొల్లక, మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సు దేశమున క్షతగాత్రులను మోయు బండి నడిపెను. వాతావరణశాఖ వైమానిక మంత్రిత్వశాఖకు లోబడినప్పుడు ఆ యుద్యోగమును వదలుకొనెను. అనంతరము యుద్ధకారణములను గణితరీతిని పరిశోధించుటకు జీవితశేషమును వినియోగించెను. ఆ పరిశోధనగ్రంథము ఆయన మరణానంతరము 1960లో వెలువడినది.

రిచర్డ్‌సన్ చేసినది చూచుటకు అతిసరళమైన పని. మనుష్యుడు మనుష్యుని చంపిన ప్రతి కలహమును, పేరుతో నిమిత్తము లేక, మృతుల సంఖ్యనుబట్టి ఒకే కొలబద్దపై నిలిపెను. ఒకటి ప్రక్కన ఎన్ని సున్నలో ఆ కలహపు పరిమాణమంత. ఒక్కడు చచ్చిన హత్య సున్న. పదిమంది చచ్చిన కొట్లాట ఒకటి. వేయిమంది చచ్చిన తిరుగుబాటు మూడు. కోటిమంది చచ్చిన ప్రపంచయుద్ధము ఏడు. 1820 మొదలు 1945 వరకు గల 126 సంవత్సరములలో ఇట్టి కలహములచే చనిపోయినవారు 5 కోట్ల 90 లక్షలని ఆయన అంచనా. అందు రెండు ప్రపంచయుద్ధముల వంతు 3 కోట్ల 60 లక్షలు. కొలబద్ద ఆవలికొనయందలి చిన్నచిన్న హత్యల వంతు 97 లక్షలు. చరిత్రపుస్తకములను నింపిన తక్కిన యుద్ధములు, విప్లవములు, తిరుగుబాట్లు అన్నియు కలిసి మిగిలిన నాలుగవ భాగమునకైనను పూర్తిగా రాలేదు. ఎవరికిని గుర్తులేని హత్యలు, అందరును చదువుకొను నూరు యుద్ధములకు సరితూగుచున్నవని ఈ లెక్క తొలిసారి చూపెను.

ఈ కొలబద్దకు చక్కని పరీక్ష 1970 దశకమున రెండు చోట్ల దానంతట అదే ఏర్పడినది. ఒకటి ఉత్తర ఐర్లండు, రెండవది అమెరికాలోని డెట్రాయిట్ నగరము. 1971 జనగణనలో ఉత్తర ఐర్లండు జనాభా 15 లక్షల 36 వేలు. 1970 జనగణనలో డెట్రాయిట్ జనాభా 15 లక్షల పైచిలుకు. భాష ఒకటే, జనాభా ఇంచుమించు సమానము, రెండు చోట్లను గట్టి ప్రభుత్వము, నమ్మదగిన గణన కలవు. భేదమెల్ల ఒక్కటే. మొదటిదానిని ప్రపంచము యుద్ధరంగమనెను. రెండవదానిని నగరమనెను.

ఉత్తర ఐర్లండు వీథులలో బ్రిటిషు సైన్యము దిగినది 1969 ఆగస్టున. మూడు దశాబ్దముల ఆ సంఘర్షణయందు 1972 అతిఘోరమైన సంవత్సరము. జనవరి 30న డెర్రీ పట్టణమున పౌరహక్కుల ప్రదర్శనపై సైనికులు కాల్పులు జరుపగా ఆనాడే 13 మంది మరణించిరి. పిదప మరొకరు మరణించిరి. జూలై 21న బెల్ఫాస్టున గంటన్నర లోపల ఇరువదివరకు బాంబులు ప్రేలి 9 మందిని బలిగొన్నవి. ఆ యేడు 10,000కు మించి కాల్పుల సంఘటనలును, 1,300కు మించి ప్రేలుళ్ళును నమోదైనవి. ఏడాది ముగియునప్పటికి మృతులు సుమారు 480. వారిలో రమారమి సగముమంది ఆయుధము పట్టని పౌరులు. లక్షకు నిష్పత్తి చూచినచో 31.

డెట్రాయిట్ నగరమున 1974లో హత్యకు గురియైనవారు 714. 1970 జనాభాను హారముగా గొన్నచో లక్షకు 47. నగరము అప్పటికే ఏటేట జనమును కోల్పోవుచుండెను గనుక యథార్థనిష్పత్తి అంతకంటెను హెచ్చు. ఆ యేడు అచ్చట సైన్యము లేదు, బాంబులు లేవు, సంధిచర్చలు లేవు. పాఠశాలలు తెరచియుండెను. కార్ల కర్మాగారములు నడచుచుండెను. యుద్ధరంగమందలి అతిఘోరమైన సంవత్సరముకంటె, శాంతినగరమందలి ఆ సంవత్సరము ఒకటిన్నర రెట్లు మృత్యుకరమయ్యెను.

ఇంతమాత్రమున బెల్ఫాస్టు సురక్షితమైన ఊరని చెప్పరాదు. మరణనిష్పత్తి చావును మాత్రమే కొలుచును, భయమును కొలువదు. 1972లో ఉత్తర ఐర్లండున 5,000కు చేరువగా జనులు గాయపడిరి. అంగడికి పోవు గృహిణి సంచిని సైనికుడు సోదాచేయుట, ఒక వీథి వారు ప్రక్క వీథిలో కాలుపెట్ట జంకుట, ఇండ్లు విడిచి వేలకొలది కుటుంబములు తమ మతస్థుల పేటలకు తరలిపోవుట మొదలగునవి మరణపట్టికకు ఎక్కవు. మరియు గాయపడినవాడు బ్రతుకుటయు చచ్చుటయు వైద్యునిపై ఆధారపడియుండును. బెల్ఫాస్టులోని రాయల్ విక్టోరియా వైద్యశాల శస్త్రవైద్యులు తుపాకిగాయముల చికిత్సయందు ప్రపంచప్రసిద్ధి గాంచిరి. ఆ వైద్యశాల అంత దగ్గర లేకున్న అదే హింసకు మృతుల సంఖ్య పెరిగియుండెడిది. అంతకుమించిన భేదము మరొకటి కలదు. ఈ సంఘర్షణకు పూర్వము ఉత్తర ఐర్లండున హత్యలు అత్యల్పము. అచ్చటి ప్రజలకు 31 అనునది ఆకస్మికముగా వచ్చిపడిన పిడుగు. డెట్రాయిట్ ప్రజలకు 47 అనునది ఏటేట మెట్టుమెట్టుగా ఎక్కివచ్చిన వరద. పిడుగు పడినచోట జనులు గుమిగూడుదురు. వరద మెల్లగా వచ్చినచోట సామానులు మేడపైకి చేర్చుకొందురు.

పోలిక ఇంత చక్కగా కుదురుట అరుదు. కుదరనిచోట దానిని బలవంతముగా కుదిర్చినవారును కలరు. 2005 ప్రాంతమున అమెరికాలో ఒక లెక్క విశేషప్రచారమును పొందినది. ఇరాకులో సగటున 1,60,000 మంది సైనికులు 22 నెలలున్నారనియు, 2,112 మంది మరణించిరనియు, కావున మరణనిష్పత్తి లక్షకు 60 అనియు, వాషింగ్టను నగరమున అది 80.6 గనుక ఇరాకే సురక్షితమనియు దాని సారాంశము. గుణించి చూచినవారికి దోషము తెలియును. 2,112ను 1,60,000తో భాగించి లక్షకు లెక్కకట్టినచో 1,320 వచ్చును. దానిని 22 నెలలతో భాగించినప్పుడు వచ్చునదే 60. అనగా అది నెలకు. నగరపు సంఖ్య యేడాదికి. ఇరాకు సంఖ్యను కూడ యేడాదికి మార్చినచో 720 అగును. ఒక ‘నెల’ అను మాట జారిపోవుటచే యుద్ధము నగరముకంటె సురక్షితమైపోయినది. ఇంతటితో దోషము తీరదు. నగరపు హారమున పసిబిడ్డలు, వృద్ధులు, రోగులు అందరును కలరు. సైన్యపు హారమున కవచము తొడిగి ఆయుధము పట్టిన యువకులే కలరు. ఇరాకు పౌరులు ఆ లెక్కలో ఏ హారమునను లేరు.

లెక్కించువాడు ఉన్నాడా లేడా అనునది మరొక ప్రశ్న. శాంతినగరమున ప్రతి శవమునకు ఒక పోలీసు నివేదిక, ఒక వైద్యుని పరీక్ష, ఒక మరణపత్రము ఉండును. యుద్ధము ముదిరినచోట మొదట పారిపోవువారిలో జననమరణములు వ్రాయు గుమాస్తా ఒకడు. 2003లో ఆరంభమైన ఇరాకు యుద్ధమున 2006 మధ్యనాటికి హింసచే మరణించినవారెందరని అడిగినచో, ఇంటింట విచారించి అంచనా వేసిన ఒక పరిశోధన సుమారు 6 లక్షలనెను. అంతకంటె విస్తృతముగా జరిగిన మరొక గృహసర్వేక్షణ 1,51,000 అనెను. పత్రికావార్తలను, శవాగారముల వివరములను ఆధారముగా గొన్న ఇరాక్ బాడీ కౌంట్ సంస్థ లెక్క ఈ రెంటికంటెను చాల తక్కువ. ఆ తక్కువ లెక్కను గొన్నను, 2006 ఒక్క యేటనే హతులైన పౌరులు సుమారు 29 వేలు; దేశజనాభాకు లక్షకు నూరు దాటును. ఒకే యుద్ధమునకు ఇన్ని సంఖ్యలుండగా, నగరముతో పోల్చువాడు ఏ సంఖ్యను ఎన్నుకొనునో దానినిబట్టియే అతని అభిప్రాయము ముందుగా తెలిసిపోవును.

ఈ దుఃస్థితి దూరదేశములకే పరిమితము కాదు. 1947 దేశవిభజన మృతులు 2 లక్షలని ఒకరు, 10 లక్షలని ఒకరు, అంతకు మించియని మరొకరు చెప్పుదురు. హైదరాబాదు సంస్థానమున రజాకారుల దౌర్జన్యములకు పిమ్మట 1948 సెప్టెంబరున భారతసైన్యము ప్రవేశించి ఐదు దినములలో పని ముగించెను. సైన్యము, ట్యాంకులు, విమానములు పాల్గొన్న ఆ కార్యమునకు ‘పోలీసు చర్య’ అని పేరు వచ్చెను. ఆ దినములలోను, తరువాతను, ముఖ్యముగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో జరిగిన జనహత్యలను విచారించుటకు పండిత సుందర్‌లాల్ నాయకత్వమున ఒక సంఘము వెళ్ళెను. మృతులు 27 వేలకు తక్కువ కాక 40 వేల వరకు ఉందురని ఆ సంఘము అంచనా. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రకటింపబడలేదు. 1941 జనగణనలో సంస్థానపు జనాభా సుమారు 1 కోటి 63 లక్షలు. తక్కువ అంచనానే గొన్నను లక్షకు 165 అగును. ఇరాకునకు 2006లో వచ్చిన నిష్పత్తికంటె ఇది హెచ్చు. ఐనను ఏ యుద్ధచరిత్రలోను దీనికి స్థానము లేదు. ఏ నగరపు నేరచరిత్రలోను లేదు. పోలీసు చర్య అనిన పేరు దానిని యుద్ధపుస్తకమునుండి తొలగించినది. అది సామాన్యనేరము కాకుండుట నేరముల పుస్తకమునుండి తొలగించినది.

హారమును ఇంకను చిన్నదిగా చేసి చూచినచో శాంతినగరము మరొక రూపము చూపును. అమెరికాలోని నాలుగు మహానగరములలో 2020, 2021 సంవత్సరముల తుపాకిహత్యలను పరిశీలించి, 2022 చివర ఒక వైద్యపత్రికలో పరిశోధకులు ఫలితములను ప్రకటించిరి. 18 మొదలు 29 ఏండ్ల యువకులనే వారు లెక్కకు గొనిరి. షికాగోలో హింస అత్యధికముగా నున్న ఒక తపాలామండలమున ఇట్టి యువకుని మరణప్రమాదము, ఆఫ్ఘనిస్తానమున పోరిన అమెరికను సైనికుని మరణప్రమాదమునకు మూడు రెట్లు మించినది. ఫిలడెల్ఫియాలోని అట్టి మండలమున రెండు రెట్లకు చేరువ. లాస్ ఏంజెలిసున తక్కువ. న్యూయార్కున సగమునకు తక్కువ. చనిపోయినవారిలో నూటికి 96 మంది నల్లజాతివారు, లాటిను అమెరికా మూలముల వారు. నగరమంతటిని హారముగా గొన్నప్పుడు కానరాని యుద్ధరంగము, నాలుగు వీథులను హారముగా గొన్నప్పుడు కానవచ్చినది. సగటు అనునది ధనికుల పేట ప్రశాంతిని పేదల పేట శవములపై కప్పు దుప్పటి. 2022లో భారతదేశమున నమోదైన హత్యలు 28,522. జనాభాకు లక్షకు 2.1. ప్రపంచమున ఇది తక్కువ సంఖ్యలలోనిదే. కాని సగటునుగూర్చి పైని చెప్పిన మాట దీనికిని వర్తించును.

శాంతినగరపు హింస యుద్ధమును మించగలదని ఇంతవరకు చెప్పిన ఉదాహరణములు చూపుచున్నవి. కొలంబియాలోని మెడెలిన్ నగరమున మాదకద్రవ్యముల ముఠాల కలహముచే 1991లో హత్యానిష్పత్తి లక్షకు 380 ప్రాంతమునకు చేరెను. 1940 సెప్టెంబరు మొదలు 1941 మే వరకు జర్మను విమానములు లండనుపై బాంబులు కురిపించినప్పుడు అచ్చట మరణించినవారు సుమారు 20 వేలు. 80 లక్షలకు మించిన జనాభాకు లక్షకు 240 ప్రాంతము. మెడెలిన్ నగరముపై ఏ విమానమును బాంబు వేయలేదు. ఐనను ఈ వరుసను ఇంతటితో ఆపిన సత్యము సగమే చెప్పినట్లగును. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో సుమారు 3,50,000 మంది ఉండిరి. ఆ సంవత్సరాంతమునకు వారిలో 1,40,000 మంది మరణించిరి. లక్షకు 40,000. హత్యలకు ఒక అవధి కలదు. చంపువాడు ఒక్కొక్కనినే చంపవలెను. ప్రతి చావునకు ఒక చేయి, ఒక కోపము, ఒక రాత్రి కావలెను. యుద్ధమునకు అట్టి అవధి లేదు. మామూలు యుద్ధసంవత్సరమును మామూలు నగరసంవత్సరముతో పోల్చి ఊరడిల్లువారు ఈ విషయమును మరచెదరు. రిచర్డ్‌సన్ కొలబద్దపై సున్నకును ఏడునకును మధ్యగల దూరము ఇదియే.

కావున మరణనిష్పత్తి యుద్ధమును అల్పముగా చూపుటకు సాధనము కారాదు. శాంతి అనుకొన్నదానిని పరీక్షించుటకు మాత్రము అది తగిన సాధనము. డెట్రాయిట్ చరిత్రయే ఇందుకు సాక్షి. 1967 జూలైలో ఆ నగరమున అల్లర్లు చెలరేగి ఐదు దినములలో 43 మంది మరణించిరి. సైన్యమును రప్పించిరి. అమెరికా అధ్యక్షుడు దేశమందలి అల్లర్ల కారణములను విచారించుటకు ఒక సంఘమును నియమించెను. దాని నివేదిక మరుసటి యేడు వెలువడి లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయెను. ఏడేండ్ల తరువాత ఆ నగరముననే ఒక్క యేట 714 మంది హతులైనప్పుడు సైన్యము రాలేదు. దేశమును కదలించిన అట్టి నివేదికయు రాలేదు. మూకుమ్మడి చావు సంఘటన యగును. విడివిడి చావు గణాంకమగును. 1950లో 18 లక్షలు దాటిన ఆ నగరపు జనాభా 2020 నాటికి 6 లక్షల 39 వేలకు దిగినది. పరిశ్రమల క్షీణత, జాతివివక్ష, శివారులకు వలస మొదలగు కారణములెన్నియో అందు కలవు. కాని ముట్టడింపబడిన కోట ఖాళీయైనట్లు ఒక శాంతినగరము ఖాళీ యగుట చరిత్రకారుడు గమనింపక తప్పదు.

ఇక మిగిలినది ధృతరాష్ట్రుని మూడవ ప్రశ్న. ఉత్తర ఐర్లండున దానికొక సమాధానము వచ్చినది. 1998 ఏప్రిలు 10న అచ్చట శాంతిఒప్పందము కుదిరినది. మరుసటి యేడు కొందరు పత్రికారచయితలు, పరిశోధకులు కలసి ‘లాస్ట్ లైవ్స్’ అను బృహద్గ్రంథమును ప్రకటించిరి. ఆ సంఘర్షణయందు మరణించిన 3,600కు మించిన స్త్రీపురుషులు, పిల్లలు ఒక్కొక్కరికి అందొక వృత్తాంతము కలదు. చనిపోయిన తేదీ, వయస్సు, వృత్తి, సంతానము, ఆ దినమున ఆ మనిషి ఎచ్చటికి పోవుచుండెనో, ఎవరి తూటాకు గురియయ్యెనో అందు వ్రాయబడినవి. సైనికుడు, తిరుగుబాటుదారు, దారిన పోవువాడు అను భేదము లేక మరణక్రమమున అందరును వరుసగా నిలచిరి. తెలంగాణమున 1946 మొదలు 1951 వరకు జరిగిన సాయుధపోరాటమున సుమారు 4,000 మంది అసువులు బాసిరని పుచ్చలపల్లి సుందరయ్య ఆ పోరాటచరిత్రయందు వ్రాసెను. జెండా క్రింద మరణించినవారికి ఆ జెండా పట్టినవారైనను స్మృతి కల్పింతురు. అర్ధరాత్రి వీథిమూల మరణించినవాడు ఏ పక్షమునకును చెందడు. అతనికి పక్షము లేనందుననే అతని పేరు వ్రాయువారు లేరు.

తెలుగున ‘కల్లోలము’, ‘అలజడి’, ‘అవాంఛనీయ సంఘటన’, ‘చర్య’ అను మాటలు పత్రికలవారికి మిక్కిలి పరిచితములు. ప్రతి మాటయు ఒక చావును ఒక పుస్తకమునుండి మరొక పుస్తకమునకు మార్చును. యుద్ధమనినచో మృతుడు వీరుడగును. హత్య యనినచో కేసు అగును. అలజడి యనినచో సంఖ్య అగును. చర్య యనినచో ఏమియు కాడు. గ్రాంట్ నాటి వృద్ధస్త్రీలు రోగపు పేరు మార్చుటకు పుచ్చుకొన్నది కొంత మద్యము మాత్రమే. నేటి రచయిత ఆ పని అలవాటుచేతనే, ప్రతిఫలము లేకయే చేయుచుండును. గణాంకశాస్త్రము తన వంతు నెరవేర్చినది. లక్షకు ఇందరని చెప్పి, శాంతినగరమును యుద్ధభూమి ప్రక్కన నిలిపి చూపినది. ఆ ఇందరు ఎవరో చెప్పుట దాని పని కాదు. ఉత్తర ఐర్లండు మృతులు 480 మందికిని ఒక గ్రంథమున తలకొక పుట దొరకినది. డెట్రాయిట్ మృతులు 714 మందికి అట్టి గ్రంథము ఇంతవరకు వెలువడలేదు.